రిమార్కుల గడి

బోర్డు మీద జిల్లా పేరు తుడిచి మళ్ళీ రాశారు గానీ
కందుకూరు ఫైర్ స్టేషన్లో గంట పాతదే.
రేపటితో నా సర్వీసు సరి.
చెదలు తినగా మిగిలిన కాల్ రిజిస్టర్లు
కంప్యూటర్లోకి ఎక్కించి పొమ్మన్నాడు ఆఫీసరు.

మొదటి పుస్తకంలో ఇంజనే లేదు.
నలుగురు మనుషులు, తోపుడు బండి మీద చేతిపంపు,
పన్నెండు ఇసక బక్కెట్లు, కొక్కేలు రెండు.
"పట్టపుపాలెం. తాటాకు ఇళ్ళు పదకొండు.
మేం పోయేసరికి బూడిద చల్లారింది."
కింద లెంపలేసుకున్నట్టు ఒక సంతకం.

తర్వాత ఇంజనొచ్చింది, మాలకొండయ్య డ్రైవరు.
చీమలబారు లాంటి రాత.
"ఆలస్యానికి కారణం: ఉలవపాడు రైలు గేటు."
పదిసార్లు అదే.
పదకొండోసారి ఇంకో ముక్క కలిపాడు:
"గూడ్సు. యాభై ఎనిమిది పెట్టెలు. లెక్కపెట్టితిని."
పట్టాల అవతల పొగ లేస్తా ఉంటే
మనిషి ఇంకేం చేస్తాడు.

మాఘం దాటితే మాకు బ్యారన్ల కాలం.
అర్ధరాత్రి గొట్టం ఎర్రబడతది,
కర్ర నుంచి ఒక్క పొగాకు జారి దాని మీద పడుద్ది.
అంతే, అగ్గిపుల్ల అక్కర్లేదు.
గాలి ఇటు తిరిగితే కమ్మటి వాసన ముందొచ్చేది,
ఫోను తర్వాత.

రిజిస్టర్లో గళ్ళు రెండు:
పోయిన ఆస్తి, దక్కిన ఆస్తి. రూపాయల్లో.
మనిషికి గడి లేదు.
"హజరత్తయ్య, క్యూరింగు కాపలా, వయసు సుమారు నలభై"
అని రిమార్కుల్లో ఇరికించింది నేనే.
పోయిన ఆస్తి అరవై వేలు.
దక్కిన ఆస్తి, పక్క బ్యారను.
వాళ్ళావిడ రవణమ్మ మా హోస్ పైపు చుట్టిపెట్టింది,
తడిసినది, బరువైనది, ఎవరూ చెప్పకుండానే.

ఆలస్యానికి కారణం: రైలు గేటు.
అబద్ధం కాదు.
ఆ రాత్రి అది మూడో కాలు.
గేటు ముందు ఇంజనాపి ఐదుగురం కునికాం.
రైలు ఎప్పుడు పోయిందో, గేటు ఎప్పుడు లేచిందో,
గేటు మనిషి వచ్చి బానెట్టు మీద గుద్దిందాకా
తెలీదు.
పెట్టెలు లెక్కపెట్టలేదు నేను.

కొత్త ఫారంలో మరణాలకు గడి ఉంది.
అంకె మాత్రమే తీసుకుంటది.
ఒకటి కొట్టాను.
కింద, ఆలస్యానికి కారణం:
"రైలు గేటు" ముందే నింపి ఉంది,
పాత పుస్తకం నుంచి నేనే దించాను కదా.

ఒక్కో అక్షరం వెనక్కి తుడిపాను.
ఖాళీ గడిలో సన్నటి గీత ఆరిపోతా, వెలుగుతా ఉంది.
ఏడింటికి డ్యూటీ దిగాలి.