రెండంగుళాలు

సాస్తి గనిల దీపాల గది డ్యూటీ దిగి
క్వార్టరు వాకిట్ల బండి ముందర కూసున్న.
ఇంజను కింద నాలుగు ఇటుకలు,
ఊడదీసిన ముందు చక్రం గోడకు ఒరిగింది.

హెడ్‌లైటు చాటల పెడితే
వైర్లు పేగుల లెక్క బయటపడ్డయి.
ఎర్రది ఎటు, నీలిది ఎటు
పక్కింటి తుషార్ గాడు లెక్కల కాపీల గీసుకుంటుండు.
వాడు మరాఠీల అడుగుతడు, నేను తెలుగుల చెప్త,
పానా మాత్రం ఇద్దరికీ పానాయే.

ఫోర్కు గొట్టం తలకిందులు చేస్తే
ఎనిమిదేండ్ల బొగ్గు తొవ్వంత
నల్లగ గిన్నెలకు కారింది.
"అది నా పప్పు గిన్నె" అన్నది లచ్చుబాయి లోపల్నుంచి.
ఇననట్టే ఉన్న.

బల్లార్షా రోడ్డు మీద పోరగాండ్లు
హ్యాండిలు పైకి లేపుకుంటరు, కొమ్ముల లెక్క.
నాది కిందికి, ఎనక్కి.
కప్పు కూలిన కాన్నుంచి
నా కుడిచెయ్యి భుజం దాటి లేవది.
డాక్టరు డిగ్రీలల్ల చెప్పిండు.
నేను టేపు పెట్టి చూసుకున్న: రెండంగుళాలు.

కోన్ సెట్టు గుండ్లు గ్రీజుల అద్ది పేరుస్తుంటే
ఒకటి తక్కువొచ్చింది.
ముగ్గురం మోకాళ్ళ మీద దేవులాడినం.
కోడి ముక్కు కాడ దొరికింది.

హ్యాండిలు దగ్గరికొచ్చింది గద,
కేబుళ్ళు పొడుగైనయి.
కోద్దామా కాకా అన్నడు తుషార్.
వద్దన్న. చుట్టి కట్టిన ట్యాంకు పక్కకు.
చెయ్యి ఎప్పుడన్న లేస్తే మళ్ళ కావాలె.

గిన్నె తీస్కపోనీకి వచ్చిన లచ్చుబాయి
ఎవ్వలనడగకుంట సీటెక్కింది,
చీర కుచ్చిళ్ళు ఎగదోపి, రెండు పిడులు పట్టింది.
మోచేతులు సల్లగ వంగినయి.

"గిది నా కొలతకే చేసినవు" అన్నది.