బిస్కెట్ డబ్బా

శుక్రవారం సాయంత్రం
గ్రెనడా జాజికాయల సంఘం తలుపు మూసి
వెర్లిన్ ఒక డిస్కును బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని
కొండమీది చెల్లెలింటికి బస్సెక్కేది.
"లెక్కలకీ షికారా?" నవ్వేవాడు డ్రైవరు.

ఒక గురువారం రాత్రి
తుఫాను ఆఫీసు కప్పును ఎత్తుకుపోయింది.
కంప్యూటర్ల కడుపునిండా ఉప్పునీళ్ళు.

తొమ్మిదో రోజు, జనరేటరు రొదలో
డబ్బా మూత తీసింది.
లేచాయి ఒక్కొక్క పేరే:
ఎవరి బస్తాలు, ఎవరి బాకీ.
అప్పు గాలికి పోయిందనుకున్న ఇగ్నేషియస్
తెర వంక చూసి తల గోక్కున్నాడు:
"ఇదొక్కటీ ఎగరలేదా తల్లీ!"

ఆ చివరి నాలుగు రోజులు మాత్రం
తెల్లగా ఉన్నాయి.
రైతులు వరసకట్టి నోటితో చెప్పారు,
ఆమె రాసుకుంది.
ఇగ్నేషియస్ తనవి రెండు బస్తాలన్నాడు.
మూడని ఆమెకు గుర్తు.
మూడే రాసింది.

ఇప్పుడు రోజూ ఎక్కుతుంది బస్సు.
డ్రైవరు టికెట్టు అడగడు.