రేసులింగం

సీసాల మీద కాయితం అంటించే పని నాది.
మరాఠీల ఒక వరస, ఇంగ్లీషుల ఒక వరస.
మా మాటకు ఆ కాయితం మీద జాగ లేదు.

దెగ్లూరు దాటినంక, లెండి వాగు అవతల,
మేకలు సుత జారే రాతిగుట్ట మీద
పాటిల్ అంగూరు తోట పెట్టిండు.
గుట్టకు మెట్లు కట్టింది మా నాయన,
పల్లపు తిమ్మప్ప.
మేం వడ్డెరోళ్లం. ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ,
బండతోని సమ్మెట.

రాత్రి బండ మీద తుమ్మమొద్దులు పేర్చి
మంట పెడుతుండె.
తెల్లారి చెవి ఆనిచ్చి వింటుండె.
"పలుకుతలేదు, ఇంకొక పూట కాలాలె."
పలికినంక ఒకటే దెబ్బ.
అట్ల నలభై రెండు వరసలు.
పన్నెండో వరస గోడల, ఏ సందులనో,
మా పెద్దన్న చిటికెన వేలున్నది.

ఆ సందులల్లనే వేర్లు దిగినయి.
గంత ఇరుకుల వాటికి నీళ్లెక్కడియి అంటే
"నువ్వు పుట్టిన ఎండకాలం
మీ అమ్మకు పాలెక్కడియి?" అన్నడు.

నాలుగేండ్లకు తొలి సీసా.
పుణె నుంచి ఒకామె వచ్చింది.
ముక్కు ముంచి, నోట్లె పోసుకొని, పుక్కిలించి
బకీట్ల ఉమ్మింది.
నాయన నా దిక్కు జూసిండు:
"బాగలేదా బిడ్డా?"

పాటిల్ స్టీలు గ్లాసుల ఆయనకూ పోసిండు.
"ఇదేం సారా?"
రీస్లింగ్, అన్న.
"రేసులింగమా? ఏ ఊరి దేవుడు?"
జర్మనీ, అన్న.
"దూరమే," అని తాగిండు.

మొహం ముడుచుకున్నది.
"అంగూర్ల తీపేమైంది?"
పాటిల్ చెప్పిండు, నేను తెలుగు చేసిన:
పులిసేటప్పుడు ఆ పులుపే
తీపినంతా తినేస్తదట, ఆఖరి చుక్కదాక.
దీన్ని డ్రై అంటరట.
డ్రై అంటే మా మాటల ఏమనాలె?
ఎండింది అంటే కట్టె.
పొడి అంటే బట్ట.
వట్టిపోయింది అంటే బర్రె.
గ్లాసు బయట నీళ్లు కారుతున్నయి.
నేను ఊకున్న.

నాయన ఇంకో గుటక మింగిండు.
నాలుక పండ్లకు రాసి, చానసేపు ఆగి
"బలపం," అన్నడు.

ఆయన బడికి పోలె. పలక పట్టలె.
నా రెండో తరగతిల బలపాలు మాయమైతుండె.
తమ్ముడు కడుపుల ఉండె,
అమ్మనే తిన్నదనుకున్నం. తిట్టిన సుత.
"నేనే తిన్న," అన్నడు గ్లాసుల జూస్కుంట.
"కొట్టే రాయి తెలుసు నాకు.
రాసే రాయి ఎట్లుంటదో అని."

పుణె ఆమె అడిగింది, తాత ఏమన్నడని.
చెప్పిన. చెప్పినంక, చెప్పకపోతే బాగుండు అనిపించింది.
ఆమె సంబరపడి పుస్తకంల రాసుకున్నది.
బలపం తినేదని రాసుకోలె,
తిన్నది ఎవరని రాసుకోలె.

పొద్దుగూకి గుట్ట దిగుతుంటే
నాయన పన్నెండో వరసకాడ ఆగిండు.
గ్లాసు అడుగున గుక్కెడు మిగిల్చిండని
నాకప్పటిదాక తెల్వదు.
గోడ మొదట్ల వంగి సాక పోసిండు.
రేసులింగానికో, వేలుకో, అడగలె.
రాయి తాగింది. తడి సుత మిగలలె.

రేపటికి మూడువందల సీసాలున్నయి.
గమ్ము అయిపోవచ్చింది, పాటిల్‌కు చెప్పాలె.