తాజా సమాచారం

టొలీడోలో తెల్లారకముందే,
నాలుగున్నరకి నా పని మొదలు.
బండి మీద గాజుగొట్టాలు, ఊదా మూతవి, నీలం మూతవి.
నిద్రలో ఉన్న చేతుల్ని ఒక్కొక్కటే అడుక్కుంటూ
నాలుగో అంతస్తు చివరిదాకా.

జూన్‌లో ఇరవై రెండు మెడికల్ కాలేజీలకి పంపాను.
రెండు వద్దన్నాయి. మిగతావి
ఇంటర్వ్యూకి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.
ఇమానీకి మూడు పిలుపులొచ్చాయి.
నల్లకోటు కొనుక్కుని, నా ముందు వేసుకోకుండా
అలమరలో వెనక్కి తోసి పెట్టింది.
ఆ మర్యాదే గుచ్చుకుంది.

"ఇంకో ఉత్తరం రాయవే," అంటుంది పిన్ని,
"అడగందే అమ్మైనా పెట్టదు."
పిన్ని ఇన్సూరెన్సు అమ్ముతుంది.
మూసిన తలుపంటే ఆవిడకి ఇంకా తియ్యని తలుపు.
బాబాయి ఉల్లిపాయ తరుగుతూ తలెత్తడు:
"బొట్టుపెట్టి పిలవని పేరంటానికి
గుమ్మంలో నిలబడి దగ్గుతారా ఎవరైనా?"

కాలేజీలూ అంతే.
ఆరు, కొత్త సంగతులుంటే చెప్పమంటాయి.
మూడు, దయచేసి ఏమీ పంపొద్దంటాయి,
దయచేసి కింద గీత గీసి మరీ.
చిక్కంతా నోరు విప్పని పదకొండింటితో.
మౌనం అర్ధాంగీకారమంటారు మనవాళ్ళు.
ఒహాయోలో అది చెల్లుతుందో లేదో.

సరే, కూర్చున్నాను.
జూన్ తర్వాత నాలో కొత్తేమిటి?
మరో నాలుగు వందల గంటలు.
బయోకెమిస్ట్రీలో ఏ.
ఒక పోస్టరు, అందులో నా పేరు ఐదోది.
నాలుగో వాక్యానికి ఊపిరి చాల్లేదు.

అసలు కొత్తదానికి అందులో చోటు లేదు.
నాలుగు వందల పన్నెండులో నోవిట్స్కీ గారు,
జీపుల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు బోల్టులు బిగించిన చెయ్యి.
ఆ చేతిలో నరం దొరక్క నాకు చెమటలు పడుతుంటే
"తొందరేం లేదమ్మాయ్, నేనెక్కడికీ పోవడం లేదు" అన్నారు.
శుక్రవారం పోయారు.
శనివారం అదే మంచం మీద ఇంకొకరి చెయ్యి.
పేరూ పుట్టినరోజూ అడిగాను.
గొంతు మామూలుగానే వచ్చింది.
అందుకే భయమేసింది.

దీన్ని ఏ శీర్షిక కింద రాయను?
గంటల కిందా?
ఒకసారి చేర్చి చూశాను. చదువుకుంటే
పోయిన మనిషి చేత సిఫారసు చేయించుకున్నట్టుంది.
తీసేశాను.

నరం లేవడానికి వేలితో తడతాం.
ఒకటి, రెండు. ఆగాలి.
ఆగకుండా తడితే చర్మం కమిలిపోతుంది,
అసలు తట్టకపోతే నరం పైకి రాదు.
ఎన్నిసార్లని పని నేర్పిన డెలోరిస్‌ని అడిగితే
"చెయ్యిని బట్టి" అని
తన టిఫిన్ డబ్బా తెరుచుకుంది.

ఆదివారం రాత్రి, చెప్పమన్న ఆరింటికీ పంపాను.
వద్దన్న మూడింటి జోలికి పోలేదు.
పదకొండింట్లో ఒక్కదాని దగ్గర,
ఎందుకో, సరస్సు ఒడ్డున ఉన్నదాని దగ్గర,
మీట మీద వేలు ఆగిపోయింది.

అప్పుడే ఇమానీ కోటు పట్టుకుని వచ్చింది.
గురువారం ప్రయాణమట, గుండీ ఊడిందట.
"సూది నీ చేతికి లొంగుతుంది కదా,
కుట్టిపెడతావా?"

దీపం కిందికి జరిగి
దారం తడిచేసి ఎక్కిస్తున్నాను.
ఉత్తరం ఇంకా తెరిచే ఉంది.