సోమవారం తూకం

యశ్వంతపురం రైల్వే గేటు పక్క సందులో
తాకట్టు కొట్టు మాది. మాదంటే సేటుది.
గీటురాయి ఒక్కటే నాది,
హిందూపురంలో బస్సెక్కేటప్పుడు నాయన చేతిలో పెట్టింది.

శని, ఆదివారాలు గుర్రాలు పరిగెత్తుతాయి.
సోమవారం షట్టర్ జానెడు ఎత్తేసరికి
కింద చెప్పులు కనిపిస్తాయి.
అరిగిన మడమల్ని చూసి చెప్పగలను
ఎవరెంత అడగబోతారో.

ఓబులేసు పెళ్లాం కమ్మలు తెచ్చినాడు.
"ఒకటిన్నర గ్రాము."
"రెండుంటాయన్నా, మళ్లీ వెయ్యి."
మళ్లీ వేశాను. తక్కెడకు మొహమాటం లేదు.

రేసుకోర్సుకి రెండు గేట్లంట, వాడే చెప్పినాడు.
బూట్లవాళ్లది నీడ. వీళ్లది కమ్మీల అవతలి ఎండ.
గుర్రం మాత్రం ఒకటే, దానికి ఇవేమీ తెలీవు.
అది ఓడిపోతే
ఆ పక్క ఒక సాయంత్రం పోతుంది.
ఈ పక్క ఆటో కంతు, పాలవాడి బాకీ,
పిల్లదాని స్కూలు ఫీజులో సగం.

మా సందు చివర పదహారంతస్తుల్లో ఉండే నిఖిలేష్ గారిని
శుక్రవారం రాత్రుళ్లు విమానాశ్రయం బస్సు దాకా దించేది
ఈ ఓబులేసే.
గోవాలో నది మధ్య ఓడ నిలబడి ఉంటుందట,
ఒడ్డున కూడని ఆట నీళ్లమీద కూడుతుందట.
మూడు లక్షలు పోగొట్టుకొచ్చి
ఆటోలో కూర్చుని నవ్వుతూ చెప్పినాడంట,
సినిమా బాగాలేదన్నట్టు.
ఆయన వస్తువేదీ నా తక్కెడలోకి రాలేదు.
రాదు.
ఆ ఓడ ఎక్కాలంటేనే ముందు
పోయినా పోనీ అనగలిగేంత ఉండాల.

మా సందులోకి ఓడ రాదు.
వచ్చే పనేముంది?
బండి స్టాండులో, రెండు కిరాయిల మధ్య,
ఓబులేసు ఫోన్లోకి రమ్మీ తనే నడిచొచ్చింది
యాభై రూపాయలు ఎదురిచ్చి.
మూసేశారన్నారు. ఇంకో పేరుతో వచ్చింది.
ఎవరికి ఎంత ఆశ పెట్టాలో
దానికి నాకంటే బాగా తెలుసు.

సేటు రాత్రి లెక్క చూస్తూ అంటాడు,
"జూదం పాడు అలవాటు, రంగనాయకులూ."
నేను తలూపుతాను.
వీసమెత్తు తేడా లేకుండా తూస్తాను నేను.
ఎంత సరిగ్గా తూచినా
గెలిచేది కొట్టే.

వడ్డీ కట్టడానికి ఆమె వస్తుంది,
అక్కులమ్మ.
చెవులు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు.
నోట్లు లెక్కపెట్టి, కాసేపు నిలబడి,
"ఒకసారి చూపియ్యన్నా" అంది మొన్న.
పొట్లం విప్పాను.
ముట్టుకోలేదు.
"తూకమెంత?"
"ఒకటిన్నర."

"మా యమ్మ రెండని చెప్పిందే," అంది,
నాతో కాదు.