ఏడు గ్రాములు

మణలిలో లారీల్ని తూయడం నా పని.
నిండుగా వచ్చినప్పుడొకసారి, ఖాళీగా పోయేటప్పుడొకసారి.
ఇరవై కిలోల లోపు తేడా మా కాటాకి కనిపించదు.
క్లీనరు చంకలో మేకపిల్ల ఉన్నా
దాని లెక్కలో లేనట్టే.

మంగళవారం సెలవు.
తిరువొత్తియూరు రాళ్ల మీదికి
చీపురుపుల్లలాంటి కొస ఉన్న గాలం కర్రతో వస్తాను.
దారం వెంట్రుకకి అన్న వరస.
చివర ఏడు గ్రాముల ప్లాస్టిక్ రొయ్య.

ఇంకా తెల్లారలేదు.
అలలు ఊళ్లోకి రాకుండా పోసిన రాళ్లు,
నాచు పట్టి, కాలు పెడితే జారుతూ.
వీటినీ లారీల్లోనే తెచ్చారు.
ఎవరో ఒకడు తూసే ఉంటాడు.

విసిరాను. ఎదురుగాలి. రొయ్య నా చొక్కా మీదికే వచ్చింది.
మళ్లీ విసిరాను.
దూరంగా నీళ్లు చిటికేసినంత చప్పుడు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు
అది అడుక్కి చేరేదాకా లెక్కపెట్టి
మణికట్టుతో రెండు చిన్న కుదుపులు.
బతికున్న రొయ్యలా ఒక అబద్ధం.

ఏడింటికి ఒక జెల్ల. ముల్లు గుచ్చుకోకుండా వదిలేశాను.
ఎనిమిదింటికి బుంగచేప, కోపంతో ఉబ్బిపోయి,
రొయ్య తోక కొరుక్కుని పోయింది.
తోక లేని దాన్నే విసురుతున్నాను.

పక్క రాయి మీద పైడమ్మ.
నీళ్లసీసాకి చుట్టిన దారం, బరువుకి సైకిలు నట్టు,
ఎరకి అక్కడికక్కడ కొట్టి తీసిన ఆలిచిప్ప మాంసం.
గోనెసంచిలో అప్పుడే నాలుగు టపటపమంటున్నాయి.

"ఆ బొమ్మెంతయింది బాబూ?"
"నూట ఎనభై."
"నూటెనబైకి నిజం రొయ్యలే వొచ్చును కదేటి."

నా పనేమిటని అడిగింది. చెప్పాను.
ఆమె చేతులు ఆగాయి.
"రంగూను రేవుల ఓడెక్కే ముందర
మాయమ్మ ముక్కుపుడక ఇప్పించి తూసినారు.
నాకు ఆరేళ్లు. బుల్లి తక్కెడ, నీ యేలంత.
ఎక్కువుందన్నాడు."

ఎంత ఎక్కువ అని నోటిదాకా వచ్చింది.
మింగేశాను.

అప్పుడు పడింది.
రీలు కీచుమంది. కర్ర సగానికి వంగింది.
చేప తిన్నగా రాయి కిందికి దూరింది,
దారం రాతికి ఒరుసుకునే గరగర మోచేతిదాకా.

"నాగకు. ఒదిలీ."
"పోతుంది పెద్దమ్మా."
"దాన్నెవలూ పట్టుకోనేదనుకోనీ."

దారం వదిలాను. అది గాలికి వంగి
నీళ్ల మీద పడుకుంది.

పైడమ్మ డబ్బాలోంచి అత్తో తీసి
సగం మూతలో పెట్టిచ్చింది.
పచ్చటి నూడుల్స్, వేయించిన ఉల్లి, పైన చింతపండు పులుసు.
ఇద్దరం చేపల చేతులతోనే తిన్నాం.
రేవు బయట ఒక ఓడ పిలుపు కోసం కాచుకుని ఉంది.
రాళ్లు కాలడం మొదలైంది.
ఎవరమూ ఏమీ పట్టుకోలేదన్నట్టు కూర్చున్నాం.

దారం కదిలింది.
ఒక జాన. ఆగింది. ఇంకో జాన.
"ఇప్పుడు," అంది.

పైకొచ్చింది కలవా. ఒళ్లంతా మచ్చలు,
నా అరచేతి కంటే రెండు వేళ్లు పొడుగు.
ఇందాక మోచేతిలో అది బండెడుంది.

వంకాయ బేరం చేసేవాళ్లలా
పైడమ్మ దాన్ని ఒకసారి ఎగరేసి పట్టుకుంది.
"ఎంతుంటుంది?" ఈసారి అడిగేశాను.
"కూరకి సాల్దు," అంది. "సారుకి సరిపోద్ది."
సంచిలో వేసుకుంది.
నాకిస్తుందనుకున్నాను.

నాలుగింటికి రొయ్య రాళ్లలో ఇరుక్కుంది.
వదులు చేసి చూశాను, కాచుకున్నాను.
రాయికి ఆ తెలివి లేదు.
దారం కోసేసి బస్టాపుకి నడుస్తూ
భుజం మీద కర్ర ఉందో లేదో
రెండుసార్లు తడిమి చూసుకున్నాను.