అరిగిన దిక్కు

మనామాల సోనా బజారు వెనక గల్లీ.
రెండు దుకాణాల నడుమ ఒక మనిషి ఒదిగేటంత జాగ.
గాడ నేను, నా ఆరె, నా సూది, మైనం ముద్ద.
మొఖాలు చూడ. తల ఎత్తితే కుట్టు తప్పుతది.
అడుగులు మాత్రం చూస్త.

మొఖం ఎన్నైనా చెప్తది.
చెప్పు చెప్పేది ఒక్కటే.

కొడిమ్యాల రవీందరు ఆఫీసుల చాయ్ మోసేటోడు,
శుక్రారం వస్తే సేటు నడక నడుస్తడు,
పొట్ట ముందుకు, మడిమెలు ఈడ్సుకుంట,
వెనక పది మంది వస్తున్నట్టు.
నెలకోసారి మడిమెలు నా కాడికి.
ముత్తవ్వకు మేడం ఇడిసిన ఎత్తు జోడు
రెండు నంబర్లు పెద్దగైంది.
ముందట దూది కుక్కిచ్చింది నేనే.
నవ్వలే.

ఓదేలు ముచ్చట వేరు.

సల్మాబాద్ క్యాంపుల పదకొండేండ్లు
ఆయన ఉన్నడో లేడో ఎవలకూ ఎరుక లేదు.
హాజరు పట్టీల నంబరు. మెస్సుల ఒక పళ్లెం.
బస్సోళ్లు మూడుసార్లు మరిచిపోయి పోయిండ్రట,
మూడుసార్లూ నడిచే వచ్చిండు,
వచ్చిండన్న సంగతీ ఎవలూ అడగలే.

ఓనాడు నిచ్చెన జారింది.
మూడు మెట్లే. ఎడమ చీలమండ బెణికింది.

ఆ రాత్రి నేపాలీ పిలగాడు పళ్లెం మంచం కాడికి తెచ్చిండు.
ఫోర్మన్ భుజం మీద చెయ్యేసి పేరు అడిగిండు.
బస్సుల ముందటి సీటు.
"ఎట్లున్నదే ఓదేలన్నా" అని పక్క రూమోళ్లు,
ఆ పక్క రూమోళ్లు.

ఐదో నాటికి వాపు దిగింది.
కుంటుడు దిగలే.

బూట్లు కుట్టిచ్చెటందుకు వచ్చిండొకసారి.
తిప్పి చూసిన. రెండు మడిమెలూ
అచ్చం ఒక్క తీరుగ అరిగినయి.
అప్పుడు తల ఎత్తిన.
ఆయన నన్ను చూసిండు, నేను ఆయన్ని.
నోట్ల సీలలున్నయి నాకు. "ఊఁ" అన్న. అంతే.

మొదట్ల కాలు మరిచిపోయేటోడు.
ఒక సందేళ కుడికాలు కుంటిండు.
పఠాన్ వాచ్‌మన్ చూసి, గడ్డం నిమురుకొని,
నమాజుకు పోయిండు. ఎవ్వలకూ చెప్పలే.
తర్వాత నేర్చిండు: మెట్ల కాడ గోడకు చెయ్యి,
సగం నవ్వు, "ఏం లేదు తియ్."
ఆ "ఏం లేదు తియ్" ఉన్నదే,
దాంట్ల క్యాంపు క్యాంపంత కూసుండి ఏడ్వొచ్చు.

రెండేండ్లయినంక ఒక బేస్తారం రాత్రి
షట్టర్ సగం దించిన, వచ్చిండు.
"ఎల్లుండి ఇంటికి పోతున్న. సాఫు చేసియ్యే."
"బూటా?"
"నడక."
గొంతు తగ్గించిండు.
"దవాఖానకు గుంజుకపోతరు. ఎక్స్‌రేల ఏం దొరుకుతదే?"

బూటు తిప్పిన.
ఎడమ మడిమె బయటి అంచు
నెలవంక లెక్క కోసుకపోయింది.
తోలుకు ఆటలు తెల్వయి,
బరువు ఎటు పడితే అటే అరుగుతది.

ముక్క అతికిన. సీల కొట్టిన. అంచు గీకిన.
తొడుక్కొని గల్లీల నడిచిండు.
ఆరడుగులు సక్కగ.
ఏడో అడుగు కాడ ఆగి మర్లి చూసిండు.
టైలర్ మిషను తొక్కుతున్నడు.
చాయ్ పిలగాడు గ్లాసులు కడుగుతున్నడు.
డబ్బా మీద పిల్లి సుత ఎటో చూస్తున్నది.

ఎట్ల పోయిండో గల్లీ మలుపు దాక చూడలే నేను.
అడుగులు మాత్రం విన్న.
మలుపు కాడ ఒకటి లేటుగ పడ్డట్టే ఉన్నది.

పైసలియ్యబోతే వద్దని తల ఊపిన గద,
మాట్లాడక.
అప్పటికి కొట్టే సీలలు అయిపోయి శానాసేపైంది.
పెదవుల నడుమ నాలుగు పట్టుకొని కూసుంటే
ఎంత తొందరున్నోడైనా నిలవడతడు,
నేనేం అంటనో అని.

రాత్రి రూముల ఒక్కొక్కటి తీసి డబ్బల వేస్త.
నాలుగూ కొత్తయే, తుప్పు లేదు.
అయినా అన్నంల ఇనుము తాకుతది.